షిఫ్టు మారే వారం

ఇక్కడ గోడౌన్ పనిలో ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. గదిలో ఒకరు పడుకునే వేళకి ఇంకొకరు తయారవుతుంటారు. అందరూ ఎలాగో సర్దుకుంటారు. నాలాగా ఫిట్స్ వచ్చేవాళ్లకి మాత్రం ఆ సర్దుబాటు కుదరదు.

మెదడులోని కణాలు విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. మూర్ఛ ఉన్నవాళ్లలో అవి ఒక్కోసారి అదుపు తప్పి చెలరేగుతాయి. నిద్ర చాలకపోతే ఆ అదుపు ఇంకా సడలుతుంది. డాక్టర్లు కొందరిని రాత్రి కావాలనే తక్కువ నిద్రపోయి రమ్మని చెప్పి ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాల్ని గీతలుగా చూపే పరీక్ష) తీసేది అందుకే. మామూలప్పుడు దొరకని తేడా అప్పుడు బయటపడొచ్చు.

నాది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే రకం మూర్ఛ. ఎక్కువగా టీనేజ్‌లో మొదలవుతుంది. నిద్ర లేచిన కాసేపటికి చేతులు ఉలిక్కిపడ్డట్టు అదురుతాయి. బ్రష్ జారిపోతుంది, కప్పు ఒలికిపోతుంది. చూసేవాళ్లు కంగారు మనిషి అనుకుంటారు. నాకది హెచ్చరిక. ఆ రోజు నిచ్చెన ఎక్కను, మెషీన్ ముట్టను.

రాత్రి డ్యూటీలో నిద్రతో పాటు మాత్రల వేళ కూడా తప్పుతుంది. 12 గంటలకోసారి వేసుకోవాల్సిన మాత్రని 'లేచాక, పడుకునే ముందు' అని గుర్తుపెట్టుకుంటే షిఫ్టు మారగానే లెక్క చెడుతుంది. అందుకే ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, డ్యూటీ ఏదైనా అదే టైము.

ఇంకోటి ఇంటి ఫోన్లు. నేను పడుకునే వేళకే అక్కడ అందరూ తీరిగ్గా ఉంటారు. "అమ్మా, లేచాక చేస్తాను" అనడం ఎంత కష్టమో దూరాన ఉన్నవాళ్లకే తెలుసు. అయినా అంటున్నాను.

డాక్టర్ లెటర్ చూపించి పగలు డ్యూటీ అడిగితే సూపర్‌వైజర్ ఓవర్‌టైమ్ పోతుందన్నాడు. పోయింది కూడా. పోతే పోయింది. ఉద్యోగం పోతుందేమోనని జబ్బు దాచుకునేవాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కనీసం గదిలోవాళ్లకైనా చెప్పండి.

పక్క మంచం తమ్ముడికి అన్నీ చెప్పి ఉంచాను: గట్టిగా పట్టుకోకు, నోట్లో ఏమీ పెట్టకు, తల కింద మెత్తటిది పెట్టు, వీలవగానే పక్కకి తిప్పు, టైము చూడు, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలువు.

"అన్నా, తర్వాత నిద్రపోతే లేపాలా?" అని అడిగాడు.

ఊపిరి సరిగ్గా ఆడుతుంటే లేపొద్దు, పూర్తిగా తెలివి వచ్చేదాకా పక్కనే ఉండమన్నాను. తెలివి రాకముందే మళ్లీ మొదలైతే మాత్రం 5 నిమిషాలు చూడకుండా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమన్నాను.