ఫ్రిజ్ శ్రుతి

మంగళవారం, రాత్రి. ఒంగోలు.

పొద్దుటి నుంచి ముసురు. నవంబరు వచ్చిందంటే ఇక్కడ ఆకాశాన్ని నమ్మి బట్టలు ఆరేయలేం. నాలుగు జాకెట్లు, రెండు చీరలకు ఫాల్. మిషను నడుస్తున్నంతసేపు పాట సాగదు. మోటారు వేగం మారినప్పుడల్లా దాని మోత పైకీ కిందికీ పోతుంది, దాని వెంట నా గొంతూ పోతుంది. అందుకే పాటను హెమ్మింగు పనికి దాచుకుంటాను. సూది చప్పుడు చేయదు.

మొన్న శనివారం గుడి క్వయర్ ప్రాక్టీసులో ఆల్టో వాళ్లం, అంటే ఆడవాళ్లలో కింది గొంతు పాడేవాళ్లం, ఆరుగురం ఒకే చోట శ్రుతి తప్పి పడిపోయాం. క్రిస్మస్ పాట రెండో వరుసలో పై గొంతు పాడే సోప్రానోలు పంచమం మీద నిలబడి ఉంటారు, మేము గాంధారాన్ని వరుసగా ఆరుసార్లు పాడాలి. కాగితం మీద చూస్తే అందులో ఏమీ లేదు, ఒకే స్వరం. నాలుగోసారికి అది కుంగింది. మాస్టరు గారు కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, “ఇంటి దగ్గర ఎవరికి వారు పాడుకుని రండి. వచ్చే శనివారానికి ఇది నిలబడాలి” అన్నారు.

ఆల్టో ఒక్కటే పాడుకుంటే అది పాటలా ఉండదు. గ గ గ రి గ, మ గ గ. పక్క గదిలో వాళ్లకు ఏ పాటో కూడా తెలియదు. అయినా నాకు ఆ వరుస మీద చాలా ప్రేమ. సోప్రానోను పాట వరసే మోసుకుపోతుంది. ఆల్టోకు ఉన్న ఆధారం పక్క గొంతుకూ తన గొంతుకూ మధ్య ఉన్న దూరమే. ఆ దూరాన్ని ఇంట్లో ఒక్కదాన్నే ఎలా సాధన చేయాలన్నది మూడు రోజులుగా నా బెంగ. సోప్రానో వరుసను ఫోనులో రికార్డు చేసుకుని దాని మీద పాడి చూశాను. రెండో వరుసకు వచ్చేసరికి నా గొంతు దానంతటది వెళ్లి సోప్రానోలో కలిసిపోతోంది.

మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుతుంటే, డో, రే, మి అంటూ స్వరాలను అక్షరాలతో రాసే సోల్ఫా గురించిన కాగితం చదివి వినిపించాను. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో పిల్లలకు పాటలు నేర్పడానికి సారా గ్లోవర్ అనే ఆవిడ మొదలుపెట్టిన పద్ధతి అది. జాన్ కర్వెన్ అనే పాస్టరు దాన్ని సంస్కరించి వ్యాప్తిలోకి తెచ్చారు. ప్రతి స్వరాన్నీ ఒక్క అక్షరంతో రాయాలి కాబట్టి, సోల్, సి రెండూ ఒకే అక్షరంతో మొదలవుతున్నాయని ఆ పద్ధతిలో ఏడో స్వరాన్ని ‘టి’గా మార్చారట. “డో అనేది ఫలానా మెట్టే అని ఉండదమ్మా, పాటను బట్టి మారుతుంది” అన్నాను. అమ్మ చేట మీద నుంచి తల ఎత్తకుండానే, “శ్రుతి ఎక్కడ పెట్టుకుంటే అక్కడే స. ఇందులో కొత్త ఏముంది?” అంది.

ఆమెకు కొత్త కాదు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ప్రాంతం మాది. ఆ తర్వాతి తరాలు రెండు రకాల పాటలనూ పాడుకుంటూ వచ్చాయి. పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసిన తెలుగు కీర్తనలు ఒకటి, దొరలు తెచ్చిన నాలుగు గొంతుల పాటలు మరొకటి. అమ్మ పల్లెలో హార్మోనియం పక్కన కూర్చుని మొదటివి నేర్చుకుంది. నేను పట్నం గుడిలో రెండోవాటి మీద పడ్డాను. మాస్టరు గారు మేజర్ స్కేలు అని చెప్పిన మెట్లే అమ్మ శంకరాభరణం అని పాడే మెట్లు.

సాయంత్రం పప్పు పొయ్యి మీద పెట్టి గ గ గ అనుకుంటుంటే, ఒక్క క్షణం నా గొంతు ఎక్కడికో వెళ్లి అతుక్కున్నట్టయింది. చెవిలో గింగురుమనడం ఆగి, స్వరం నున్నగా అయిపోయింది. వెనక ఫ్రిజ్ మోగుతోంది. ఇంటరు చదివే మా వాడిని పిలిచి అడిగాను. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు కంపించే అలాంటి మోత సెకనుకు 100 దగ్గర ఉంటుందని చెప్పాడు. కీబోర్డులో 98 దగ్గర జి మెట్టు ఉంది. అంటే ఫ్రిజ్ జి కంటే ఓ పిసరు పైన పాడుతోంది. మా పాట కూడా జి లోనే, అంటే మా షడ్జమం అదే! షడ్జమం వంద అయితే దాని లోపల రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు, ఐదు వందలు కూడా సన్నగా మోగుతాయి. ఆ ఐదు వందలదే గాంధారం. తంబురా మీద మీటకుండానే వినిపించే గాంధారాన్ని స్వయంభూ గాంధారం అంటారని ఎప్పుడో నోటు పుస్తకంలో రాసుకున్నాను. అది మా వంటింట్లో, పాలగిన్నె పెట్టుకునే ఫ్రిజ్‌లోంచి వినిపిస్తుందని అనుకోలేదు.

పరుగున వెళ్లి కీబోర్డు గాంధారం నొక్కాను. షడ్జమంతో కలిపి నొక్కితే చెవికి కాస్త బిరుసుగా తగిలింది. ఇన్నాళ్లూ వింటూనే ఉన్నాను, ఈ రోజే గమనించాను. స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, 1200 సెంట్లుగా భాగిస్తే, కీబోర్డు గాంధారం 400 దగ్గర ఉంటుంది, సహజంగా మోగేది 386 దగ్గర. ఆ పద్నాలుగు సెంట్ల తేడాను చేత్తో చూపించలేం. కీబోర్డు ఆపి పాడే చోట మాస్టరు గారు “గాంధారాన్ని కొంచెం మెత్తగా పట్టుకోండి” అనేది దాని గురించేనని నా నమ్మకం. మెత్తగా అంటే గొంతు తగ్గించడమని ఇన్నాళ్లూ అర్థం చేసుకున్నాను. అలా తగ్గించినప్పుడు ఊపిరి సడలుతుంది, ఊపిరి సడలితే స్వరం పద్నాలుగు సెంట్ల దగ్గర ఆగకుండా ఇంకా కిందికి జారుతుంది. మేము పడిపోయింది అక్కడే.

ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆగింది. వాన ఒక్కటే మిగిలింది. “అమ్మా, నువ్వు ఆ పంచమం పట్టుకో” అన్నాను. నా రికార్డింగు విని విని సోప్రానో వరుస ఆమెకు కంఠతా వచ్చేసింది. కింది స్థాయిలో ఎత్తుకుంది. నేను గాంధారం అందుకున్నాను. మొదటిసారి నా గొంతు ఆమె వైపు జారలేదు. రెండో వరుస అయ్యాక ఆపబుద్ధి కాక మళ్లీ మొదటికి వచ్చాం. మా వాడు కొవ్వొత్తి వెలిగించి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

లైట్లు వచ్చినా పాట ఆపలేదు. స్టెబిలైజరు కాసేపు ఆగితే గానీ ఫ్రిజ్‌కు కరెంటు వదలదు. దాని కోసం పాడుతూనే ఎదురుచూశాం. చివరికి మోత మొదలైంది, మా కంటే స్పష్టంగా పైన. ఇద్దరం కలిసే దిగాం. అమ్మకూ నాకూ మధ్య దూరం చెడలేదు, ఇద్దరి కింద నేలే జారింది.

ఇప్పుడు పెన్సిలు తీసుకుని ఆరు గాంధారాల్లో మూడోదాని మీద, ఐదోదాని మీద పైకి బాణం గుర్తు వేశాను. నాలుగోదాని ముందు ఊపిరి గుర్తు చెరిపి, రెండోదాని తర్వాత పెట్టాను. శనివారం మిగతా ఐదుగురి కాగితాల మీద కూడా వేయించాలి.