రథసప్తమి నుంచి శివరాత్రి దాకా: విశాఖలో డాబా తోట మళ్లీ వేసుకోవడం

విశాఖలో తోట మళ్లీ వేసుకోవడానికి నేను పెట్టుకునే గడువు రథసప్తమి నుంచి శివరాత్రి వరకు. లెక్కకు మూడు వారాలు. అంతకు ముందే వేస్తే రాత్రి చలికి బెండ, ఆనప గింజలు మొలవడానికి పది రోజులు దాటుతుంది, కొన్ని తడిలోనే కుళ్లిపోతాయి. ఉగాదికి మొదలుపెడితే మొక్క వేరు పట్టేలోపే ఎండ ముదురుతుంది, మధ్యాహ్నం నైరుతి నుంచి గాలి ఊపందుకుంటుంది. ఈ మూడు వారాల్లో ఏ పని ముందు, ఏది వెనక అన్నదే తోటను నిలబెడుతుంది. చాలామంది మొదటిరోజే నర్సరీకి వెళ్లి మొక్కలు తెచ్చేసుకుని, మట్టి గురించి తర్వాత ఆలోచిస్తారు. నేను మూడో వారం దాకా ఒక్క మొక్క కూడా కొనను.

ముందు చూడాల్సింది ఉప్పు. నవంబరు దాటితే మనకు వానలు దాదాపు ఉండవు. వానాకాలమంతా కుండీలను కడిగిపోయిన నీరు ఆగిపోతుంది, డిసెంబరు నుంచి మనం పోసే నీళ్లలోని లవణాలు మట్టిలోనే పేరుకుంటాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో, అందులోనూ తీరానికి దగ్గరి పేటల్లో, ఇది ఇంకా ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర, ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి మాడినట్టుండడం దీని గుర్తులు. దాన్ని ఎరువు చాలకపోవడం అనుకుని ఇంకాస్త ఎరువు వేస్తే మొక్క మరింత మాడుతుంది, ఎందుకంటే ఎరువు కూడా లవణమే.

విరుగుడు మంచినీళ్లతో కడగడం. ఇరవై లీటర్ల కుండీకి నలభై లీటర్ల కుళాయి నీళ్లు, రెండు దఫాలుగా, మధ్యలో గంట విరామం ఇచ్చి, నెమ్మదిగా పోస్తాను. ఒక్కసారి గుమ్మరిస్తే నీరు కుండీ గోడ వెంట జారిపోతుంది, మట్టి నడిమి భాగం తడవదు. ఇంట్లో ఆర్వో కోసం టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ఉంటే పని సులువు: పోసిన నీళ్ల అంకె, కింద కారిన నీళ్ల అంకె పక్కపక్కన చూడండి. తేడా మూడు నాలుగు వందలు దాటితే మర్నాడు ఇంకోసారి. ఈ కడుగుడు ఎరువు వేయకముందే అయిపోవాలి, తర్వాత చేస్తే ఎరువు సారం కూడా కారిపోతుంది. ఆర్వో మిషను వదిలేసే నీళ్లు మొక్కలకు పోసే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి మానేయండి. వడపోతలో ఆగిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే చేరి ఉంటాయి. డాబా కడగడానికి వాడుకోవచ్చు.

రెండో పని కాపు అయిపోయిన పాదులు తీసేయడం. చిక్కుడు, బొబ్బర్లు వేళ్లతో పీకకండి. మట్టి మట్టానికి కోసి వేరు లోపలే వదిలేస్తే బుడిపెల్లోని నత్రజని అక్కడే మాగుతుంది. చిక్కుడు కొసలకు పేనుబంక పట్టి ఉంటే ఆ తీగలు కంపోస్టులో వేయకుండా సంచిలో కట్టి ఇంటి బయటికి పంపేయండి, లేకపోతే ఆ పురుగు వారంలో కొత్త మొలకల మీదికి వచ్చేస్తుంది. టమాటా, వంగ, పాత బెండ మాత్రం వేరుతో సహా తీయాలి, తీసి వేరును నీళ్లలో కడిగి చూడాలి. వేరు మీద గుండ్రటి ఉబ్బులు వరసగా కనిపిస్తే అది వేళ్లలో చేరే సన్నటి నులిపురుగు (నెమటోడ్) పని. చిక్కుడు వేరు మీద బుడిపె గోటితో గీకితే ఊడొస్తుంది, నులిపురుగు ఉబ్బు వేరులో కలిసిపోయి ఉంటుంది, ఊడదు. ఈ తేడా తెలియక మంచి బుడిపెల్ని చూసి భయపడేవాళ్లున్నారు, చెడ్డవాటిని చూసి సంతోషపడేవాళ్లూ ఉన్నారు. నులిపురుగు ఉన్న మట్టిని కూరగాయలకు వాడను. ఒక మూలకు చేర్చి బంతి నారు వేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో ఆ మట్టిని తడిపి, పల్చగా పరిచి, పైన తెల్లటి పారదర్శక పాలిథిన్ కప్పి, అంచులు ఇటుకలతో నొక్కి ఆరు వారాలు ఉంచుతాను. నల్ల పాలిథిన్ దీనికి పనికిరాదు. వేడంతా పైనే ఉండిపోతుంది, మట్టిలోకి దిగదు.

ఇక మట్టి. మూడు వారాల్లో ఎక్కువ సమయం దీనికే ఇస్తాను. మొదటి రోజునే ట్రైకోడెర్మా (వేరు తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రం) కలిపిన గెత్తం, అంటే పేడ ఎరువు, సిద్ధం చేయాలి, ఎందుకంటే అది మాగడానికే పది పదిహేను రోజులు పడుతుంది. పొలాలకు చెప్పే కొలత 90 కిలోల పశువుల గెత్తానికి 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడె పొడి. డాబాకు అందులో పదో వంతు చాలు: 9 కిలోల గెత్తం, కిలో వేపపిండి, 200 గ్రాముల పొడి. చేత్తో పిసికితే ముద్ద నిలబడాలి, నీరు కారకూడదు, అంత తడి చాలు. నీడలో కుప్ప పోసి తడి గోనె కప్పి, నాలుగు రోజులకోసారి తిరగేయాలి. ఎండ తగిలితే శిలీంధ్రం చచ్చిపోతుంది. కుండీల్లో రసాయన తెగుళ్ల మందు పోసే ఆలోచన ఉంటే దీని జోలికి వెళ్లకండి, ఆ మందు ట్రైకోడెర్మానే ముందు చంపుతుంది.

గెత్తం కొనేటప్పుడు సంచి లోపలికి చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలినా, పేడ వాసన వచ్చినా ఇంకా మాగలేదని అర్థం, అది వేరును కాలుస్తుంది. మాగినది నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. ఎంత మాగినదైనా జల్లెడ పట్టాల్సిందే. కొబ్బరిచెట్లున్న మన ప్రాంతంలో పేడకుప్పల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. బొటనవేలంత లావున, తెల్లగా, వంకర తిరిగిన పిల్లపురుగులు దొరుకుతాయి. అవి పెద్దవై వీధిలోని కొబ్బరి మొవ్వులు తొలుస్తాయి. వేళ్లు కొరికే వేరుపురుగులు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి, కాబట్టి ఏది ఏదని చూడకుండా అన్నీ ఏరేయడమే మంచిది.

పాత మట్టిని టార్పాలిన్ మీద పరిచి మూడు నాలుగు రోజులు ఎండబెట్టి, వేర్లు ఏరి, అదీ జల్లిస్తాను. వంద లీటర్ల మిశ్రమానికి నా కొలత ఇది: పాత మట్టి అరవై లీటర్లు, కొబ్బరి పొట్టు ఇరవై లీటర్లు, పైన చెప్పిన గెత్తం మొత్తం ఒక కుప్ప, ఎముకల పొడి అర కిలో. పాత మట్టి లేనివాళ్లు ఎర్రమట్టి తీసుకోవచ్చు, కానీ అందులో పదిహేను లీటర్లు తగ్గించి ఆ మేరకు ఇసుక కలపాలి, లేకపోతే ఎండకు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఇసుక బీచ్ నుంచి తేకండి. ఎన్నిసార్లు కడిగినా గవ్వల పొడి, ఉప్పు మిగులుతాయి. నది ఇసుకే కావాలి. కొబ్బరి పొట్టు ఇటుకలోనూ ఉప్పుంటుంది. ఐదు కిలోల ఇటుక నానితే డెబ్బై లీటర్ల దాకా పొంగుతుంది. పెద్ద డ్రమ్ములో రాత్రంతా నానబెట్టి, పిండి, ఆ ఎర్రనీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి పిండాలి. రెండుసార్లకు తక్కువ కాకూడదు. నాటిన వారానికే మొక్కలు పసుపెక్కితే ముందు అనుమానించాల్సింది కడగని పొట్టునే.

నింపేముందు కుండీ ఎక్కడుండాలో నిర్ణయించుకోండి. పద్దెనిమిది అంగుళాల మొక్కల సంచి (గ్రో బ్యాగ్) డెబ్బై అయిదు లీటర్లు పడుతుంది, తడిసిన మిశ్రమంతో ఎనభై కిలోలు దాటుతుంది. దాన్ని నింపాక జరపలేరు, జరిపితే సంచి కుట్టు పోతుంది. పెద్ద సంచులు గోడల మీద, దూలాల మీద బరువు పడేలా పెట్టాలి, డాబా నడిమధ్యన కాదు. కింద నాలుగు ఇటుకలు పెడితే చెమ్మ ఆరుతుంది, శ్లాబు పాడవదు. నీరుపోయే రంధ్రాల మీద గులకరాళ్ల పొర వేయాలనే మాట అందరూ చెబుతారు, నేను ఒప్పుకోను. మెత్తటి మట్టిలోని నీరు రాళ్ల ఖాళీల్లోకి సులువుగా దిగదు, రాళ్లకు పైనే ఆగి ఉంటుంది. దాంతో కుళ్లే చోటు వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద గ్రీన్ నెట్ ముక్క గానీ, కాస్త కొబ్బరి పీచు గానీ చాలు. పైన రెండంగుళాలు ఖాళీ వదలాలి.

కత్తిరింపుల్లో మల్లెకు మాత్రం ఈ మూడు వారాల లెక్క వర్తించదు. సంక్రాంతి వెళ్లగానే దానికి నీళ్లు తగ్గించి, ఆకు దూసి, నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కోసేయాలి. మొగ్గ కొత్త చిగురుకే వస్తుంది కాబట్టి, కోసి, గెత్తం వేసి, నీళ్లు మొదలుపెట్టిన ఆరేడు వారాలకు పూలు. మాఘమాసం చివర కోస్తే ఆ మేరకు పూలు వెనక్కి జరుగుతాయి, అంతే, మొక్కకేమీ కాదు. మందారను మూడో వంతు కోయండి. పిండినల్లి ఉన్న కొమ్మ ఎంత బాగున్నా తీసేయండి, మిగిలినదాన్ని పైపు నీళ్ల ధాటితో కడిగి, సాయంత్రం వేపనూనె కొట్టండి. లీటరుకు 5 మిల్లీలీటర్ల నూనె, ముందు ఆ నూనెలో కొన్ని చుక్కల సబ్బు ద్రవం కలిపి, తర్వాతే నీళ్లు. అలా కలపకపోతే నూనె పైన తేలి ఒక ఆకును కాల్చి ఇంకో ఆకును వదిలేస్తుంది. ఐదారు రోజుల తేడాతో మూడుసార్లు. చీమలు ఎక్కుతున్నంత కాలం పిండినల్లి పోదు, కుండీని గోడకూ పక్క కొమ్మలకూ తగలకుండా జరపాలి. కరివేపాకు కొసలు జానెడు కోస్తే పక్క కొమ్మలు వేస్తుంది. మామిడి, నిమ్మ పూతమీద ఉంటే కత్తెర పెట్టొద్దు. గులాబీకి ఎండు పుల్లలు మాత్రమే.

మూడో వారంలో నర్సరీ. కడియం వైపు నుంచి వచ్చే మొక్కలు తరచూ జిగట మట్టి ముద్దలో ఉంటాయి. ఆ ముద్దను అలాగే కొబ్బరి పొట్టు మిశ్రమంలో పెడితే చుట్టూ తడిగానే ఉంటుంది, ముద్ద మాత్రం ఎండి రాయవుతుంది, పైన పోసిన నీరు పక్క నుంచి జారిపోతుంది. నాటేముందు కవరుతోనే బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, కవరు కోసి, ముద్ద అంచులు వేళ్లతో వదులు చేయాలి. అడుగున చుట్టలు తిరిగిన వేర్లను కోసేయాలి. సాయంత్రం నాటి, వారం పది రోజులు నీడలో ఉంచాలి.

విత్తనాల్లో బెండ రాత్రంతా నానాలి. పన్నెండంగుళాల సంచికి రెండు గింజలు అంగుళం లోతున, మొలిచాక బలమైనది ఉంచి రెండోది కత్తిరించాలి, పీకితే ఉంచిన దాని వేరు కదులుతుంది. నలభై అయిదు, యాభై రోజులకు మొదటి కాయ. ఎండాకాలం బెండకు అసలు ముప్పు తెల్లదోమ తెచ్చే పల్లాకు తెగులు. ఈనెలు పసుపెక్కిన మొక్కకు మందు లేదు, కనిపించిన రోజే తీసేయాలి. కాకర గింజ కొన కాస్త చిదిపి ఒక రోజు నానబెట్టాలి. గోరుచిక్కుడు, బొబ్బర్లు నానబెట్టను, తొక్క పగిలి కుళ్లుతాయి. తోటకూర గింజను ఇసుకతో కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడదు. టమాటా ఇప్పుడు వేయమని ఎవరికీ చెప్పను. ఫిబ్రవరి నారు ఏప్రిల్లో పూస్తుంది, మన వేడి రాత్రులకు ఆ పూత రాలిపోతుంది. ఆ కుండీలో గోంగూర వేయండి.

ఆనప, బీరలకు పద్దెనిమిదంగుళాల సంచి తప్పనిసరి. సముద్రం వైపు తెరుచుకున్న డాబాల మీద పందిరి ఐదడుగులు దాటనివ్వకండి, పిట్టగోడ చాటునే ఉంచి, నైరుతి మూలను పురికొసతో కాకుండా ఇనుప తీగతో కట్టండి. కాయలు ఎదిగాక ఆ బరువుకు గాలి తోడైతే పందిరి మొత్తం ఒక వైపుకు ఒరుగుతుంది. ఈదురుగాలి వీచిన మర్నాడు ఉదయాన్నే ఆకుల మీద మంచినీళ్లు చల్లితే ఉప్పు తుంపర పోతుంది. పిందె పుట్టి పసుపెక్కి రాలితే ఎరువు తక్కువైందని కాదు, పుప్పొడి అందలేదని. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, దీపాలు పెట్టే వేళకు మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దాలి. దోస, కాకర మాత్రం ఉదయం. పండు ఈగకు లింగాకర్షక బుట్ట కొనేటప్పుడు క్యూల్యూర్ అని అడిగి తీసుకోండి. మామిడి, జామలకు వాడే మిథైల్ యూజినాల్ ఎర తీగకాయల ఈగను లాగదు.

అంతా నాటాక ఎండుటాకులు రెండంగుళాల మందాన పరుస్తాను, కాండానికి అంగుళం దూరంగా. గ్రీన్ నెట్ మాత్రం అప్పుడే కట్టను. మార్చి రెండో సగం దాకా మొలకలకు పూర్తి ఎండ పడాలి, ముందే నీడ ఇస్తే సన్నగా సాగి గాలికి విరుగుతాయి. తర్వాత కట్టేది 35 శాతం నెట్, అది కూడా పడమటి ఎండకు అడ్డంగా మాత్రమే.