పెదనాన్నగారి బాయిలర్లు

ఎన్నూరు థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన మా పెదనాన్నగారు 1971 యుద్ధకాలంలో విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ బాయిలర్ గదిలో నావికుడు. నౌకను నడిపే ఆవిరిని పుట్టించే బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చినందువల్ల ఆ నౌక పూర్తి వేగం అందుకోలేకపోయింది. వేగం తగ్గితే డెక్కు మీద ఎదురుగాలి తగ్గి విమానం లేవడం కష్టమవుతుంది. అయినా సీహాక్ విమానాలు లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. ఆ విజయంలో పైలట్లకెంత భాగముందో, కింద ఉక్కపోతలో ఆవిరి పీడనాన్ని కాచుకున్న వాళ్లకూ అంతే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

నిన్న మైలాపూరులో వారింటికి వెళ్లినప్పుడు ఆ పని గురించి అడిగితే, "తెల్లగా కనబడే ఆవిరి కాదురా, కనబడనిదే ప్రమాదం" అన్నారు. అధిక పీడనంలో బాగా వేడెక్కిన ఆవిరి చిల్లులోంచి చిమ్మినా కంటికి ఆనదు కాబట్టి, చీపురు కర్రను ముందుకు చాస్తూ గొట్టాల వెంట అడుగులో అడుగు వేసేవారట; కర్ర ఎక్కడ తెగితే చిల్లు అక్కడే. నౌకాదళం వదిలాక బాయిలర్ ఇంజనీరు పరీక్ష ప్యాసయ్యారు. గోడకు ఫ్రేము కట్టించుకున్నది ఆ సర్టిఫికెట్‌నే. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసినందుకు వచ్చిన పూర్వీ స్టార్ పతకం బీరువాలో ఉంది. ఎన్నూరులో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఆయన మొదట చేతికిచ్చింది కూడా చీపురు కర్రేనట.