పెద్దమ్మ కమ్మలు, మలాకీ వచనం

గత ఆదివారం సాయంత్రం చిత్తూరులోని మా పెద్దమ్మ ఇంటికి వెళ్లినప్పుడు ఆమె చెవులకు కమ్మలు లేకపోవడం చూసి అడిగితే, ‘విత్తన కానుక’ వేస్తే నూరంతలుగా తిరిగి వస్తుందని, మోకాళ్ల నొప్పి కూడా పోతుందని స్వస్థత కూటంలో ఒక బోధకుడు చెప్పినందున వాటిని కుదువపెట్టి ఆ సొమ్ము ఇచ్చానని మెల్లగా చెప్పింది. నొప్పి తగ్గలేదు. తన విశ్వాసమే చాలలేదేమోనని ఇప్పుడు కుమిలిపోతోంది. నన్ను అన్నిటికంటే బాధించినది ఆ మాటే.

ఆ బోధకుడు చూపిన వచనం బైబిలులోని మలాకీ 3:10; పదియవ భాగాన్ని, అంటే రాబడిలో పదో వంతును, దేవుని మందిరానికి తెస్తే ఆయన విస్తారమైన దీవెనలు కుమ్మరిస్తాడని అది చెబుతుంది. అయితే అక్కడి పదియవ భాగం సొంత అభివృద్ధి కోసం పెట్టిన పెట్టుబడి కాదు. సొంత భూస్వాస్థ్యం లేకుండా దేవాలయ సేవలో ఉన్న లేవీ గోత్రికుల పోషణకు ధర్మశాస్త్రం విధించిన భాగం. ద్వితీయోపదేశకాండం 14:28-29 ప్రకారం మూడేళ్లకొకసారి అది పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు కూడా చెందేది. పెదనాన్న పోయాక ఒంటరిగా ఉంటున్న మా పెద్దమ్మ, ఆ లెక్కన, ఇవ్వవలసినవారిలో కాక పుచ్చుకోవలసినవారిలో ఉంటుంది.

రోగం అవిశ్వాసానికి గుర్తయితే, తన సహచరుడైన త్రోఫిమును మిలేతు పట్టణంలో రోగిగా విడిచి వచ్చానని అపొస్తలుడైన పౌలు 2 తిమోతి 4:20లో ఎందుకు వ్రాస్తాడు? తన శరీరంలోని ‘ముల్లు’ను, అంటే తనను వేధిస్తున్న బాధను, తొలగించమని ప్రభువును మూడుసార్లు వేడుకున్న పౌలుకు దొరికిన జవాబు, నా కృప నీకు చాలునన్నదే. దేవుడు స్వస్థపరచగలడని నేను మనసారా నమ్ముతాను. దానికి వెల కట్టడాన్ని మాత్రం అంగీకరించలేను.

ఈ భాగాలన్నీ ఆమె ప్రక్కన కూర్చుని చదివి వినిపించాను. త్రోఫిము పేరు దగ్గర ఆపి, ఆ వచనం మళ్లీ చదవమంది.