గంగవాయిలిని పారేయకముందు

నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాకే పెరట్లో గింజలు పెడతారు. అమెరికాలోని న్యూజెర్సీ వంటి చోట మాత్రం మంచును బట్టి విత్తాలి. మే మధ్య దాకా రాత్రి మంచు భయం ఉంటుంది కాబట్టి ఏప్రిల్‌లో మెంతికూర, కొత్తిమీర, పాలకూర వరకే. ఆనిగెపు (సొర) గింజలను ఒక రాత్రి నానబెట్టి, ఏప్రిల్ మూడో వారంలో కాగితం కప్పుల్లో ఇంట్లోనే మొలిపించాలి. వేర్లు కదిలితే ఈ తీగ ఓర్చుకోదు, అందుకని కప్పు అడుగు చింపి అట్లాగే పాతాలి. పుంటికూర (గోంగూర) మే చివర్లో, నేల వెచ్చబడ్డాక. ఊరి నుంచి విత్తనాలు పెట్టెలో వేసుకొని రావద్దు. తెగుళ్ళు, పురుగులు లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం (ఫైటోశానిటరీ సర్టిఫికెట్) లేకుంటే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

పిల్లలకు నీళ్ళు పోసే పని ఒక్కటే ఇస్తే తొందరగా విసుగొస్తుంది. కలుపు పని ఇవ్వండి. అందులో చూపు పదునెక్కుతుంది, ఇంటి కూరల పేర్లూ నోటికొస్తాయి. గంగవాయిలితో మొదలుపెట్టొచ్చు. అమెరికా పెరళ్ళలో ఎండ ముదిరే వేళకు తనంతట తానే మొలుస్తుంది, అక్కడ చాలామంది కలుపని పారేస్తారు. మనం పప్పులో వేసుకుంటాం. కానీ దాని పక్కనే, దాదాపు అదే పోలికతో నేలబారున పాకే స్పర్జ్ అనే కలుపు మొక్క ఉంటుంది. కాడ తుంచితే తెల్లటి పాలు కారితే అది స్పర్జ్, తినకూడదు. ఆ పాలు కళ్ళకు, చర్మానికి మంట. గంగవాయిలి కాడ లావుగా, నునుపుగా ఉంటుంది, పాలు రావు. పిల్లలు కోసిన ప్రతి కాడనూ పెద్దవాళ్ళు తుంచి చూశాకే గిన్నెలో వేయాలి. మందు కొట్టిన లాన్ నుంచి ఏదీ కోయొద్దు. పీకిన గంగవాయిలిని మట్టి మీదే వదిలితే మళ్ళీ వేరూనుతుంది.

తుంగ సంగతి వేరు. లాగితే పైగడ్డి తెగి, గడ్డ లోపలే ఉండి మళ్ళీ మొలుస్తుంది. తడి నేలలో కుర్పితో లోతుగా తవ్వి తీయాలి. వరుసల మధ్య టేపు పీకేసిన అట్టలు పరిచి తడిపి, పైన మూడు నాలుగు అంగుళాల మందాన, గింజ రాలగొట్టిన గోధుమగడ్డి వేస్తే మిగతా కలుపు చాలావరకు అణిగిపోతుంది. పశువుల మేతకు అమ్మే ఎండుగడ్డి వద్దు, అందులో గింజలుంటాయి.

ఇక జంతువులు. ఊళ్ళో అడవి పందులకు చేను చుట్టూ పాత చీరలు కడతారు. వీడియో కాల్‌లో తాత అదే సలహా ఇస్తాడు, కానీ జింకలు దానికి తొందరగా అలవాటుపడతాయి. వాటికి ఎనిమిది అడుగుల కంచె కావాలి. అంత ఎత్తు కట్టనివ్వని చోట మడిని ఇరుకుగా కట్టుకోండి, ఇరుకులోకి దూకడానికి జింక జంకుతుంది. కుందేళ్ళకు అంగుళం కన్నున్న వల రెండడుగుల ఎత్తు చాలు. కింది అంచును ఆరంగుళాలు బయటివైపు వంచి మట్టి కప్పాలి, లేదంటే కింద తవ్వి దూరతాయి. గ్రౌండ్‌హాగ్ (బొరియలు తవ్వే లావుపాటి ఉడుత జాతి జంతువు) ఎక్కగలదు, అందుకని మూడడుగుల వల కట్టి పై అడుగును కర్రలకు బిగించకుండా వదులుగా ఉంచాలి.

రోజూ బడి నుంచి వచ్చాక కంచె చుట్టూ తిరిగి, కొరికిన కాడలు వెతికే పని పిల్లలది. కాడ కత్తితో కోసినట్టు వాలుగా తెగితే కుందేలు, కింది వల చూడాలి. చివర పీచులు పీచులుగా చిరిగితే జింక. దానికి ముందు పైపళ్ళు ఉండవు, కొరకకుండా లాగుతుంది. అప్పుడు వెతకాల్సింది పైన కంచె ఎక్కడ వంగిందో.