అమ్మ వీల్‌చైర్‌తో అలాస్కా ఓడలో

అమ్మని అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్దామనుకున్నప్పుడు ఓడలో గది గురించే నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. అసలు టెన్షన్ ఓడ దిగే దగ్గరుంటుందని అలాస్కాలోని జూనో ఊళ్లో దిగితే గానీ అర్థం కాలేదు. అక్కడ ఆటుపోట్లకి నీటిమట్టం బాగా మారుతుంది, దాంతోపాటే తేలే రేవు నుంచి ఒడ్డుకి వేసిన ర్యాంపు వాలూ మారిపోతుంది. పొద్దున దాదాపు చదునుగా ఉన్నదే, సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి జారుడుబల్ల! మా ఆయన వీల్‌చైర్‌ని వెనక్కి తిప్పి, ఒక్కో అడుగూ వెనక్కే వేస్తూ దింపుతుంటే అమ్మ "నెమ్మదండీ అల్లుడుగారూ, నేను బియ్యం బస్తాని కాదు" అంటూ రెండు చేతులతో చీర కుచ్చిళ్లు చక్రాల్లో పడకుండా పట్టుకుంది. ఏ రోజు పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో ఆన్‌లైన్‌లో ముందే దొరుకుతుంది, ఆ పట్టిక చూసుకుని ఉంటే ఓ గంట ముందే వచ్చేసేవాళ్లం.

తర్వాతి ఊరు స్కాగ్వేలో మాత్రం హాయి. అక్కడ కొండల్లోకి తీసుకెళ్లే వైట్ పాస్ టూరిస్టు రైల్లో వీల్‌చైర్ ఎక్కించే లిఫ్టు ఉన్న పెట్టె ఉంది, కానీ ముందుగా చెప్పి బుక్ చేసుకోవాలి.

బుక్ చేసేముందు ప్రతి ఊరి గురించీ ఒకటే అడగండి: ఓడ రేవుకి ఆనుతుందా, ఒడ్డుకి కాస్త దూరంలో సముద్రంలోనే ఆగి చిన్న పడవలో దింపుతారా? కరీబియన్ క్రూజ్‌లు ఆగే గ్రాండ్ కేమన్ దీవిలో అయితే పడవే దిక్కు. అల ఎక్కువగా ఉంటే వీల్‌చైర్‌ని ఎక్కించుకోకపోవచ్చు, బరువైన బ్యాటరీ వీల్‌చైర్ అయితే మరీ కష్టం. "యాక్సెసిబుల్ టూర్" అని రాసి ఉంటే నమ్మేయకండి, బస్సుకి లిఫ్టు ఉందా, ఎన్ని మెట్లు అని ఫోన్ చేసి విసిగించండి.