పాత ఫ్రిజ్‌కి కుళాయి పెట్టి సోడా పట్టుకుంటున్నాం

ఇంట్లో పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉంటే, కంప్రెసర్ ఇంకా ఆడుతుంటే, దాన్ని పాత సామాన్లకు వేసేయకండి. కొత్తది కొన్నప్పుడు ఎక్స్‌ఛేంజ్ కింద ఇచ్చేది ఎలాగూ పెద్ద మొత్తం కాదు. మా సత్యనారాయణపురం ఇంట్లో నాన్నగారు కొన్న ఫ్రిజ్ ఇప్పుడు వరండాలో ఉంది, దాని తలుపుకి ఒక స్టీలు కుళాయి ఉంది, కుళాయి తిప్పితే గొంతులో చురుక్కుమనే సోడా వస్తుంది. ఎండన పడి వచ్చినవాళ్ళకి అందులో నిమ్మకాయ పిండి, ఉప్పేసి ఇస్తుంటే నాకు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

అమెరికాలో ఇలాంటి ఫ్రిజ్‌ని కెజరేటర్ అంటారు. అక్కడ ఇంట్లో కాసుకున్న బీరు కోసం చేసుకుంటారు. మన దగ్గర 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం, కాబట్టి నా కెగ్‌లో, అంటే గ్యాస్ ఒత్తిడితో పానీయం నిల్వ ఉంచే స్టీలు పీపాలో, సోడానే. అయినా సోడా పుట్టింది కూడా బీరు తొట్టి దగ్గరే. 1767లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన, తన ఇంటి పక్క బ్రూవరీలో పులుస్తున్న బీరు పైన నిలిచే గ్యాస్‌ని, అంటే కార్బన్ డయాక్సైడ్‌ని, నీళ్ళలోకి పట్టించి చూశాడు. ఇళ్ళల్లో బీరు కాసేవాళ్ళు వాడే 19 లీటర్ల సన్నటి స్టీలు కెగ్ ఉంది చూశారా, కార్నీ కెగ్ అంటారు, అది కూడా మొదట కూల్‌డ్రింక్ కంపెనీలు సిరప్ పంపడానికి చేయించుకున్నదే. ఆ కంపెనీలు తర్వాత అట్టపెట్టెలో సంచీ పద్ధతికి మారాక ఆ కెగ్గులు బీరు వాళ్ళ చేతికి వచ్చాయి.

ఈ పని గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి. కానీ నేను చూసినవన్నీ చల్లటి దేశాల్లో తీసినవి. అక్కడ గ్యారేజీలోనే సగం చల్లదనం ఉంటుంది. మన రోహిణి కార్తెలో అసలు పనంతా చల్లదనం కాపాడుకోవడమే, గ్యాస్ సంగతి ఆ తర్వాత. ఎందుకంటే 0 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు మామూలు వాతావరణ పీడనంలో దాదాపు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటాయి, 25 డిగ్రీల దగ్గర ముప్పావు లీటరు, 40 డిగ్రీల దగ్గర అర లీటరు కాస్త పైన. మే నెల మధ్యాహ్నం మన ట్యాంకు నీళ్ళు ఎంత వేడిగా ఉంటాయో చెప్పక్కర్లేదు కదా, వాటికి ఎంత గ్యాస్ కొట్టినా గ్లాసులోకి రాగానే నురగై ఎగిరిపోతుంది. అందుకే నేను ఫిల్టర్ నీళ్ళని ముందు రాత్రంతా కెగ్‌లోనే చల్లబరిచి, ఆ తర్వాతే గ్యాస్ తెరుస్తాను.

ఫ్రిజ్ విషయానికొస్తే, వెనకాల నల్లటి జాలీ బయటికి కనపడే పాత మోడల్ అయితే మంచిది. కొత్త వాటిలో వేడి పైపులు పక్క గోడల లోపల ఉంటాయి, అక్కడ డ్రిల్ పెడితే పైపుకి చిల్లు పడి ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాస్ పోతుంది. పైగా ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్, అది మండే గ్యాస్. మాకు తెలిసిన ఫ్రిజ్ మెకానిక్ బాబాయిని అడిగితే "పక్కల జోలికి పోకు నాయనా, తలుపులో ఏ పైపూ ఉండదు, అక్కడ పెట్టుకో" అన్నాడు. తలుపుకి డిస్‌ప్లే, వైర్లు లేని మామూలు ఫ్రిజ్‌లకి ఆ మాట వర్తిస్తుంది. ఆటోనగర్‌లో హోల్ సా బిట్, అంటే గుండ్రంగా రంధ్రం కోసే డ్రిల్ బిట్, దొరికింది, పాతిక మిల్లీమీటర్ల రంధ్రం చాలు. కుళాయి తలుపుకే ఉండటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఫ్రిజ్ పైన స్తంభంలా నిలబెట్టే టవర్లు చూడటానికి బాగుంటాయి కానీ బయటి వేడికి ఆ స్తంభంలో నిలిచిన సోడా వెచ్చబడి మొదటి గ్లాసు మొత్తం నురగే వస్తుంది. మనకి టవర్ వద్దు.

రంధ్రం పెట్టే ముందు ఒక పని చేయండి. కెగ్ ఎత్తు 60 సెంటీమీటర్లు దాటుతుంది, అడ్డం 22. ఆ కొలతకి అట్టముక్క కత్తిరించి ఫ్రిజ్‌లో నిలబెట్టి తలుపు మూసి చూడండి. పైన ఫ్రీజర్ డబ్బా, కింద వెనక కంప్రెసర్ మిట్ట, ఈ రెండిటి మధ్య నిలబడాలి. ఫ్రీజర్ డబ్బాని వంచి చోటు చేద్దామని మాత్రం అనుకోవద్దు, దాని గోడల్లోనే ఫ్రిజ్ గ్యాస్ తిరిగేది. నిండిన కెగ్ 23 కిలోల పైనే ఉంటుంది, అద్దం షెల్ఫ్ మోయలేదు, అడుగున మందపాటి ప్లైవుడ్ ముక్క వేయాలి. డోర్ రబ్బరు సంగతి ఒక నోటు పెట్టి తలుపు మూస్తే తెలిసిపోతుంది, నోటు సులువుగా జారి వస్తే రబ్బరు మార్చాల్సిందే.

గ్యాస్ సిలిండర్ దగ్గర మన ఎండ ఇంకో మెలిక పెడుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో మామూలుగా ద్రవం, పైన ఆవిరి ఉంటాయి, 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి 57 బార్ దాకా ఉంటుంది. 31 డిగ్రీలు దాటాక ద్రవం, ఆవిరి అన్న తేడానే ఉండదు, ఆపైన వేడి పెరిగేకొద్దీ ఒత్తిడి గట్టిగా పెరుగుతూ పోతుంది. కాబట్టి ఎండ తగిలే చోట ఆ సిలిండర్ పెట్టడం ప్రాణాలతో చెలగాటమే. నాది చిన్న సిలిండర్ కాబట్టి ఫ్రిజ్ లోపలే, కెగ్ పక్కన నిలబెట్టి బెల్టుతో కట్టాను. లోపల 4 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి 39 బార్ చుట్టూ ఉంటుంది. మీటర్ ముల్లు కిందికి దిగిందని లీకేజీ అనుకుని టెన్షన్ పడకండి, అది చలికి దిగింది. లీకేజీకి సబ్బు నీళ్ళ పరీక్ష ఉండనే ఉంది. రెగ్యులేటర్ లేకుండా కెగ్‌కి కలపకూడదు, సిలిండర్‌ని పడుకోబెట్టి వాడకూడదు, టెస్టింగ్ తేదీ దాటిన సిలిండర్ నింపించకూడదు. అడిగేటప్పుడు తాగే వాటికి వాడే గ్యాస్ కావాలని గట్టిగా చెప్పండి, వెల్డింగ్ వాళ్ళ గ్యాస్ తెచ్చుకోకండి. ఈ గ్యాస్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, మూసిన గదిలో లీకైతే కిందే పేరుకుంటుంది. నేను వరండా ఎంచుకున్నది అందుకే.

ఇక ఎక్కువమంది అడిగేది నురగ గురించి. బీరుకి 4 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 పీఎస్ఐ ఒత్తిడి చాలు. సోడాకి ఆ చురుకు రావాలంటే 30 పీఎస్ఐ దాకా కావాలి. అంత ఒత్తిడితో వచ్చే సోడా పొట్టి పైపు గుండా ఒక్కసారిగా బయటపడితే గ్యాస్ అంతా అక్కడే విడిపోతుంది. అందుకని పైపు సన్నగా, పొడుగ్గా ఉండాలి. 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపు బీరుకి 10 అడుగులు సరిపోతే, సోడాకి 20 నుంచి 25 అడుగులు పెట్టాలి. ఆ పొడుగంతా రాపిడికి ఒత్తిడి మెల్లగా తగ్గుతూ వచ్చి కుళాయి దగ్గర నెమ్మదిగా దిగుతుంది. పైపు మొత్తం చుట్టగా చుట్టి ఫ్రిజ్ లోపలే, కెగ్ చుట్టూ ఉంచాలి. చాలామంది నురగ వస్తోందని ఒత్తిడి తగ్గిస్తారు, దాంతో రెండు రోజుల్లో సోడా చప్పబడుతుంది. ఒత్తిడి తగ్గించొద్దు, పైపు పెంచండి.

కెగ్ నింపి మూత బిగించాక గ్యాస్ కొద్దిగా వదిలి, మూత మీద వాల్వు రింగు లాగి లోపలి గాలిని బయటికి పంపాలి, ఇలా నాలుగైదు సార్లు. గాలి మిగిలితే సోడాలో పస ఉండదు. ఆ తర్వాత 30 పీఎస్ఐ దగ్గర వదిలేస్తే రోజురోజుకీ గ్యాస్ పడుతుంది, మధ్యలో కెగ్‌ని కాసేపు కుదిపితే ఇంకా తొందరగా పడుతుంది.

కుళాయి, షాంక్ (తలుపు గుండా వెళ్ళి కుళాయిని పైపుకి కలిపే గొట్టం), లోపలి ముక్కలు అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోండి. క్రోమ్ పూత వేసిన ఇత్తడి చవగ్గా దొరుకుతుంది, కానీ సోడా పుల్లటి వస్తువు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో మన అమ్మమ్మలు పులుసు కాయనిచ్చేవాళ్ళా? ఇదీ అంతే. పూత పోయాక అందులోని రాగి సోడాలోకి దిగుతుంది. అది పిల్లలు కూడా తాగేది, దీంట్లో పొదుపు చూడకండి.

సుగంధి సోడా నేరుగా కెగ్‌లోనే కలపొచ్చా అని మా తమ్ముడు అడిగాడు. కలపొచ్చు, కానీ నేను కలపను. సుగంధిపాల వేళ్ళ వాసన కెగ్ రబ్బరు రింగులకీ, పైపుకీ పట్టిందంటే వేణ్నీళ్ళతో కడిగినా వదలదు, తర్వాత పట్టే ప్రతి గ్లాసూ సుగంధి వాసనే కొడుతుంది. చక్కెర పాకం పైపులో నిలిస్తే జిగురు కట్టి బూజు కూడా పడుతుంది. అందుకే కెగ్‌లో ఉత్త సోడా, సిరప్ సీసాలు పక్కన. గ్లాసులో ముందు సిరప్ పోసి, గ్లాసుని వంచి, కుళాయిని పూర్తిగా తెరిచి పట్టండి. సగం తెరిస్తే నురగ ఎక్కువ. గ్లాసులు కూడా ఫ్రిజ్‌లోనే పెట్టుకోండి, పైన ఫ్రీజర్ డబ్బా ఖాళీగానే ఉంటుంది కదా.

సుగంధి మీదే ప్రాణమంతా పెట్టుకున్న ఇల్లయితే దానికి విడిగా ఒక చిన్న కెగ్, విడి పైపు, విడి రింగులు పెట్టుకోండి. మా ఇంట్లో నాన్నగారి ఓటు దానికే, తలుపులో రెండో కుళాయికి చోటు కూడా గుర్తు పెట్టి ఉంచాను.